అఖండదీపానికీ లెక్క ఉంది

మార్కాపురం బజారులో బట్టల కొట్టు నడిపిన ఒక పెద్ద శెట్టిగారు అడిగిన ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా ఆలోచింపజేస్తూనే ఉంది. నేను వైరింగు కాంట్రాక్టరును. మార్కాపురం, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు షాపులకూ లాడ్జీలకూ కల్యాణ మండపాలకూ కరెంటు పని చేయడం నా వృత్తి. పాత బల్బులు తీసి సీఎఫ్ఎల్ దీపాలు పెట్టుకోమని అంతటా చెబుతున్న రోజులవి. 2009లో కేంద్ర ప్రభుత్వం బచత్ ల్యాంప్ యోజన తెచ్చింది. ఇళ్లలో పాత బల్బు ఇస్తే 15 రూపాయలకే సీఎఫ్ఎల్ ఇస్తామన్నారు. షాపులకు ఆ వెసులుబాటు లేదు. సొంత డబ్బు పెట్టి కొనుక్కోవాలి కాబట్టి, కొట్టు కొట్టుకూ తిరిగి నాలాంటి వాళ్లం చెప్పాల్సి వచ్చేది.

శెట్టిగారి కొట్టు నిండా 60 వాట్ల బల్బులే. నేను చెప్పిన లెక్కంతా ఓపిగ్గా విని ఆయన అన్నారు: "బిల్లు సంగతి నాకు తెలుసులేవయ్యా. సందెవేళ కొట్లో దీపాలు తగ్గిస్తే లక్ష్మి నిలబడుద్దా? దీపం కాడ పిసినారితనం చేయొద్దని మా నాయన పోయిందాకా చెప్పేవాడు."

ఆయన డబ్బు దగ్గర గట్టి మనిషే గాని లోభి కాడు. చెన్నకేశవస్వామి బ్రహ్మోత్సవాలకు వచ్చే జనానికి పానకం, మజ్జిగ పోయించేవారు. ఆయనకు నా లెక్క అక్కర్లేదు. వెలుగును పొదుపు చేయడం ధర్మమా, లోభమా? అది తేలాలి. ఆయన అడిగింది శాస్త్రం తెలిసిన పండితుణ్ని కాదు, నిచ్చెన మీద నిలబడిన నన్ను. అయినా అడిగింది నన్నే గనక జవాబు నేనే చెప్పాలి.

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సందె దీపం మీద మనకున్న భక్తి పూజగదిలోనే ఆగిపోలేదు. ట్యూబులైటు స్విచ్ వేసినా చేతులు జోడిస్తాం. పని చేస్తూ ఉండగా చీకటి పడి నేను మెయిన్ ఆన్ చేస్తే, గల్లా దగ్గరున్న యజమాని, గజంబద్ద పట్టుకున్న గుమస్తా, బేరం ఆడుతున్న ఆడవాళ్లు అందరూ ఒక్క క్షణం మాట ఆపి దణ్ణం పెట్టుకుంటారు. ఆ దణ్ణం నేనూ పెడతాను. కానీ అది బల్బు వాట్లకు పెట్టిన దణ్ణం కాదు. చీకట్లో కనపడనిది ఇప్పుడు కనపడుతున్నదన్న కృతజ్ఞతకు పెట్టినది. అక్కణ్నుంచే నా ఆలోచన మొదలైంది.

పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాలి, తెల్లబడి, వెలుగిస్తుంది. అది తాగిన కరెంటులో నూటికి 90 పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. మే నెలలో మార్కాపురంలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంటే, కొట్టు లోపల నెత్తి మీద ఇరవై చిన్న పొయ్యిలు వెలిగించి, ఆ వేడి పోవడానికి ఫ్యాన్లు, ఏసీలు వేసేవాళ్లం. సీఎఫ్ఎల్ పని వేరు. గొట్టంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. కరెంటు పారగానే ఆ ఆవిరి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు విడుస్తుంది. గొట్టం లోపలి తెల్లటి పూత వాటిని పట్టి, కనపడే వెలుగుగా మారుస్తుంది. అందుకే 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును అది 15 వాట్లతో ఇస్తుంది. మామూలు బల్బు 1,000 గంటలు వెలిగితే, మంచి కంపెనీ సీఎఫ్ఎల్ 6,000 గంటలు, ఆ పైన కూడా వెలుగుతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత ప్రపంచమంతా ఇంధనం పొదుపు గురించి వెతుకుతున్నప్పుడు పుట్టిన దీపం ఇది.

ఇరవై బల్బులు రోజుకు పది గంటలు వెలిగితే 12 యూనిట్లు. వాటి చోట సీఎఫ్ఎల్ పెడితే 3 యూనిట్లు. మిగిలేది రోజుకు 9, నెలకు 270 యూనిట్లు. థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్ తీయడానికి ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది. అంటే ఒక్క బట్టల కొట్టు నెలకు రెండు క్వింటాళ్ల బొగ్గు మిగల్చగలదు, వెలుగు వీసమెత్తు తగ్గకుండా. శెట్టిగారికి చెప్పిన లెక్క ఇదే. లెక్క నిజమే అయినా ఆయన ప్రశ్నకు అది జవాబు కాదు.

జవాబు నాకు మన గుళ్ల శాసనాల నుంచి దొరికింది. మాకు త్రిపురాంతకం దగ్గరే. శివుడు త్రిపురాలను కాల్చిన చోటని, శ్రీశైలానికి తూర్పు ద్వారమని చెప్పుకునే క్షేత్రం అది. కార్తీక పౌర్ణమికి మనం వెలిగించే దీపాలకూ ఆ త్రిపుర సంహారానికీ సంబంధం ఉంది. ఆ గుడిలో కాకతీయుల కాలపు శాసనాలు చాలా ఉన్నాయి. ఆ కాలంలో ఆంధ్రదేశమంతటా గుడికి ఇచ్చిన దానాల్లో మళ్లీ మళ్లీ కనిపించేది అఖండదీపం. రాజు ఇచ్చినా, సెట్టి ఇచ్చినా, ఒక మామూలు ఇల్లాలు ఇచ్చినా ఆ దానాన్ని రాతి మీద చెక్కించిన తీరు చూస్తే నా చేతి పని గుర్తుకొస్తుంది. దీపానికి ఇన్ని గొర్రెలు, లేదా ఇన్ని ఆవులు అని సంఖ్య ఉంటుంది. వాటిని ఫలానా కాపరికి అప్పగించామని ఉంటుంది. అతను, అతని కొడుకులు, మనుమలు రోజుకు మానెడు నెయ్యి కొలిచి గుడికి పోయాలని ఉంటుంది. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఆ దీపం వెలగాలని ఉంటుంది.

దేవుడికి వెలిగించే దీపమే కదా, ఎంత పోస్తే అంత పుణ్యమని వాళ్లు అనుకోలేదు. మానెడు అన్నారు. మందలో ఎన్ని జీవాలుంటే రోజుకు మానెడు నెయ్యికి లోటు రాదో లెక్కగట్టి, అన్నే ఇచ్చారు. ఆ దాత లోభి కాడు. తాను పోయాక కూడా దీపం ఆరకూడదనుకున్నాడు కాబట్టే కొలత పెట్టాడు. కొలత లేని దీపం పండగ నాడు భగ్గున మండి మర్నాటికి కొడిగడుతుంది. అఖండం కావాలంటే లెక్క తప్పదు. దీపం కాడ పిసినారితనం వద్దన్న శెట్టిగారి నాయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే పిసినారితనం వేరు, కొలత వేరు. దీపం ఆరిపోయినా ఫరవాలేదు, నెయ్యి మిగిలితే చాలనుకునేవాడు పిసినారి. నెయ్యి పోసేవాళ్ల శ్రమ తెలిసి కొలిచేవాడు ధర్మాత్ముడు.

మరి మన కొట్లో దీపానికి నెయ్యి ఎవరు పోస్తున్నారు? శాసనం కాలంలో ఆ కాపరి పేరు రాతి మీద ఉండేది. మనకు నెల నెలా వచ్చే కరెంటు బిల్లు మీద అలాంటి పేరు ఏదీ ఉండదు. యూనిట్లు ఇన్ని, చార్జీలు ఇన్ని, చివరి తేదీ ఇది అని ఉంటుంది. అందుకే ఆ మనుషుల్ని మనం మరిచిపోయాం. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గు సింగరేణి నుంచీ, ఒడిశాలోని తాల్చేరు నుంచీ వస్తుంది. భూమి లోపల చీకట్లో దిగి పనిచేసే కార్మికులుంటేనే మన బజారులో బోర్డు వెలుగుతుంది. నల్లమల అవతల శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1980ల మొదట్లో వందకు పైగా ఊళ్లు కృష్ణలో మునిగిపోయాయి. ఆ ఊళ్ల జనం ఇళ్లు, పొలాలు, గుళ్లు వదిలి పోయారు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమ గట్టు విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త విన్న రోజు నేను పని చేయలేకపోయాను. కరెంటు పని చేసే వాళ్లందరికీ వాళ్లు తోబుట్టువులే.

ఇంకా దగ్గరగా చూస్తే మా రైతులు. మా మార్కాపురం వైపు కాలవ నీళ్లు ఎరిగిన చేను తక్కువ. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం రెండు తరాలు ఎదురుచూశాయి. అంతదాకా బోరే దిక్కు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితంగా ఇస్తున్నా, గంటల లెక్కన, వంతుల వారీగా ఇచ్చేవారు. పగలు కొంత, రాత్రి కొంత. రాత్రి వంతు వచ్చిన రైతు టార్చిలైటు పట్టుకుని, పాములకూ తేళ్లకూ భయపడుతూ, తడిసిన నేల మీద నడిచి వెళ్లి స్టార్టరు బటన్ నొక్కాల్సి వచ్చేది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఊళ్లలో, పట్నాల్లో అందరం ఒక్కసారే లైట్లు వేస్తాం. గ్రిడ్ మీద భారం పెరిగేది ఆ వేళలోనే. అప్పుడు పొలానికి ఇవ్వడం కష్టం కాబట్టి రైతు వంతు నడిరాత్రికి పోయేది. ఒకరు ఎక్కువ తీసుకుంటే ఇంకొకరికి తగ్గుతుందన్న సంగతి కంభం చెరువు కింద సాగు చేసిన వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. విజయనగర రాజుల కాలం నుంచి ఉన్న ఆ చెరువులో నీళ్లు అందరివీ. తూము దగ్గరి వాడు తన మడికి కావలసిన దానికంటే ఎక్కువ తిప్పుకుంటే చిట్టచివరి పొలం వాడి నారు ఎండుతుంది. తిప్పుకున్నవాడికి ఆ ఎండిన నారు కనపడకపోవచ్చు. కనపడనంత మాత్రాన అతను తీసుకున్నది అతనిది అయిపోదు.

మన గ్రంథాలు దీన్ని చాలా కటువుగా చెప్పాయి. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థ ధర్మం చెబుతూ, కడుపు నిండడానికి ఎంత కావాలో అంతవరకే మనిషికి హక్కు ఉందనీ, అంతకు మించి నాదని పట్టుకున్నవాడు దొంగ, శిక్షకు తగినవాడనీ అంటాడు. భగవద్గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు కూడా, దేవతల నుంచి పొంది వాళ్లకు తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాణ్ని దొంగ అనే అంటాడు. ఈశోపనిషత్తు మొదటి మంత్రం జగత్తంతా ఈశ్వరుడిదని చెప్పి, విడిచిపెట్టే మనసుతో అనుభవించమంటుంది. ఈ మూడూ భోగాన్ని వద్దనలేదు. తినొద్దని, దీపం పెట్టొద్దని చెప్పలేదు. మనకు అందింది ఇంకొకరి చేతుల మీదుగా వచ్చిందన్న ఎరుకతో అనుభవించమన్నాయి. బిల్లు కట్టాను కాబట్టి నా ఇష్టం అనేవాళ్లు నాకు రోజూ కనపడతారు. బిల్లు కట్టడం వల్ల డిస్కంకు బాకీ తీరుతుంది. ఊరు మునిగిన వాళ్లకు, గనిలో దిగిన వాళ్లకు, నడిరాత్రి పొలం పోయిన వాళ్లకు తీరదు. ఆ బాకీ తీర్చే దారి ఒక్కటే. అవసరం లేనిది ముట్టకపోవడం.

అవసరం ఎంతన్నది ఎవరు తేల్చాలి? ఇది నా వృత్తిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. దీపం ఎందుకు ఉందో తెలిస్తే ఎంత కావాలో తెలుస్తుందని నా నమ్మకం. దీపం ఉన్నది చూపడానికి. సూర్యుణ్ని మనం కర్మసాక్షి అంటాం. జరిగేదాన్ని జరిగినట్టు చూపిస్తాడు, ఎవరి పక్షమూ వహించడు. ఆ వెలుగులో నుంచి చిన్న తునక తెచ్చుకుని గదిలో వెలిగించుకున్నదే మన దీపం. దాని ధర్మం కూడా సాక్ష్యమే.

బట్టల కొట్లలో ఇది బాగా తెలుస్తుంది. మా ప్రాంతంలో ఆడవాళ్లు చీర నచ్చగానే దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. ఎండలో అసలు రంగు ఏదో చూసుకుంటారు. కొట్లోని దీపాన్ని వాళ్లు నమ్మరు. మొదట వచ్చిన చవక రకం సీఎఫ్ఎల్‌లు, ట్యూబులు కొన్ని రంగుల్ని పాలిపోయినట్టు చూపేవి. పాత బల్బు వెలుగులో ఎరుపు, పసుపు నిండుగా కనిపించేవి. వ్యాపారులు నన్ను తిట్టేవాళ్లు. వాళ్ల బాధ న్యాయమైనదే. రంగును సరిగ్గా చూపని దీపం ఎన్ని యూనిట్లు మిగిల్చినా తన ధర్మం తప్పినట్టే. అప్పట్నుంచి బట్టల కొట్టుకు రంగు బాగా చూపే మంచి రకాన్నే తెప్పించేవాణ్ని, ఖర్చు ఎక్కువైనా సరే. నగల కొట్ల విషయం దీనికి ఎదురు. అక్కడ పసుపు వెలుగు హాలోజన్ స్పాట్లు, ఒక్కోటి 50 వాట్లు, బంగారం మీదికి తిప్పి పెట్టమనేవారు. మెరుపు కళ్లకు కొట్టాలి, తరుగు మీదికి, రాయి మీదికి చూపు పోకూడదు. ఆ దీపం చూపడానికి కాదు, చూడనివ్వకుండా చేయడానికి. అలాంటి చోట వాట్లు తగ్గించడం పొదుపు ఒక్కటే కాదు, సత్యానికి సేవ కూడా.

చూపడమే కొలత అయితే, వెలుగు పెంచాల్సిన చోట్లు కూడా బయటపడతాయి. పొదుపు పేరు చెప్పి చీకటి పంచడం నేను చాలా చోట్ల చూశాను. మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. మా చిన్నతనంలో రాష్ట్రంలో ఎంతమంది పిల్లలు మా ఊరి పలక మీద అక్షరాలు దిద్దారో. ఆ పలక కోసే రేకుల షెడ్డులో, దుమ్ములో, తిరుగుతున్న రంపం ముందు కూర్చునే కూలీకి చేయి కనపడేంత వెలుగు కావాలి. యజమాని షెడ్డులో ఉన్న రెండు లైట్లలో ఒకటి తీసేసి, రోడ్డు మీది బోర్డుకు పది లైట్లు ఉంచితే అది పొదుపు కాదు. వేళ్లు పోయే ప్రమాదాన్ని కూలీ నెత్తిన పెట్టి డబ్బు మిగుల్చుకోవడం. టైలరు మిషను మీద, మందుల షాపులో సీసా మీది సన్నక్షరాల మీద, నర్సింగ్ హోమ్ మెట్ల మీద, రాత్రి పూట ఆడపిల్లలు నడిచే బస్టాండు సందులో వెలుగు తగ్గకూడదు. సీఎఫ్ఎల్ గొప్పతనం అదే. వెలుగు తగ్గించకుండా ఖర్చు తగ్గించే దారి అది చూపింది. ఆ మిగులుతో చీకటి మూలకు ఇంకో దీపం పెట్టవచ్చు. నేను చాలా చోట్ల పెట్టించాను కూడా.

వెలుగు ఎక్కువైన చోటు మాత్రం వేరే ఉంది. కొత్తగా కట్టే కాంప్లెక్సుల ముందు భాగమంతా అల్యూమినియం (ఏసీపీ) షీట్లతో కప్పేస్తున్నారు. కిటికీ లేదు, వెంటిలేటరు లేదు. ఎండలు మండే మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం లోపల చీకటి. అప్పుడు ఫాల్స్ సీలింగుకు గుండ్రటి డౌన్‌లైటర్లు కొట్టించి, పొద్దున్నుంచి రాత్రి దాకా వెలిగిస్తారు. దేవుడు ఉచితంగా ఇచ్చిన దీపాన్ని డబ్బు పెట్టి మూసేసి, డబ్బు పెట్టి ఇంకో దీపం కొనుక్కుంటున్నాం. హైదరాబాదులో 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను పగటి వెలుతురు లోపలికి బాగా వచ్చేలా కట్టారు. దానికి పెద్ద సాంకేతికత కావాలేమో గాని, మన పాత మిద్దెల నట్టింట్లో గవాక్షం పెట్టిన మేస్త్రికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఈ పొదుపంతా చట్టంతోనే జరిగేది కాదు. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. వ్యాపార భవనాలకు ఇంధన పొదుపు కోడ్ 2007లో వచ్చింది. కానీ అది 100 కిలోవాట్ల లోడు, ఆ పైన ఉన్న పెద్ద భవనాల కోసం. గిద్దలూరు బస్టాండు దగ్గరి లాడ్జీ, కంభం సెంటర్లోని హోటలు, మార్కాపురంలో మూడంతస్తుల కాంప్లెక్సు ఆ లెక్కలోకి రావు. చట్టం ఆగిన చోట ధర్మం మొదలు కావాలి. కష్టం అక్కడే. ఇంట్లో అనవసరంగా లైటు వెలుగుతుంటే అమ్మ లేచి ఆపుతుంది. షాపులో వెలుగుతుంటే గుమస్తా ఆపుతాడు. కాంప్లెక్సు మెట్ల మీద, కారిడార్లో, వెనక పార్కింగులో, టాయిలెట్లో రాత్రంతా వెలిగే లైటు ఎవరిది? కామన్ మీటరు బిల్లు పది మంది పంచుకుంటారు కాబట్టి ఎవరికీ పట్టదు. తనది కాని దాన్ని కూడా తనదిగా చూసుకోవడమే ధర్మానికి మొదటి మెట్టు. తన ఇంటి దీపాన్ని తను కాపాడుకోవడానికి ధర్మం దాకా పోనక్కర్లేదు, ఇంగితం చాలు. ఎవరిదీ కాని దీపాన్ని ఆపడానికి మాత్రం ధర్మం కావాలి.

బిల్లు తగ్గుతుందని చేసిన పనికి పుణ్యం ఉంటుందా అని ఒక కుర్ర వ్యాపారి నన్ను అడిగాడు. గీతలో నిష్కామ కర్మ చదివినవాడు. నేను చెప్పింది ఇది: పురుషార్థాల్లో అర్థం కూడా ఒకటి. డబ్బు మిగలాలనుకోవడం పాపం కాదు. ధర్మం ముందు నడిచి అర్థం వెనక రావాలి, అంతే. బిల్లు చూసి సీఎఫ్ఎల్ పెట్టుకో, తప్పు లేదు. ఆ తర్వాత నువ్వేం చేస్తావో దాన్ని బట్టి నీ మనసు తెలుస్తుంది. ఎందుకంటే మిగిలినదాన్ని కోరిక వెంటనే పట్టుకుంటుంది. ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే బొగ్గు మీద ఒక పుస్తకం రాసి, యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చుకున్న కొద్దీ దేశం మొత్తం కాల్చే బొగ్గు తగ్గడం లేదనీ, పెరుగుతోందనీ చూపించాడు. మా బజారులో నేను కళ్లారా చూసిందీ అదే. ఒక్క బల్బు ఖర్చుతో నాలుగు సీఎఫ్ఎల్‌లు వెలుగుతాయని తెలిసిన కొందరు నాలుగూ పెట్టారు. యూనిట్లు అక్కడికక్కడే ఉన్నాయి. దీపం మారినా మనిషి మారకపోతే ఫలితం ఇంతే. యంత్రం పొదుపును ఇవ్వగలదు, సంతృప్తిని ఇవ్వలేదు. అది లోపలి నుంచి రావాలి.

పలకల వ్యాపారం చేసే ఒక ముస్లిం మిత్రుడితో ఈ మాట అంటే, ఆయన తమ మతంలో ఉన్నది చెప్పాడు: "అన్నా, పారే నది ఒడ్డున కూర్చుని నమాజు ముందు వజూకు చేతులూ కాళ్లూ కడుక్కున్నా నీళ్లు వృథా చేయొద్దని మా ప్రవక్త చెప్పారు." నాకు ఆ మాట చాలా లోతుగా తగిలింది. నదిలో నీళ్లకు కొరత లేదు. అయినా వద్దన్నారు. అంటే పొదుపు కొరత వల్ల పుట్టింది కాదు, వస్తువు మీద గౌరవం వల్ల పుట్టింది. రేపు కరెంటు పూర్తిగా ఎండ నుంచి, గాలి నుంచి వచ్చి, బొగ్గు అక్కర్లేని రోజు వచ్చినా ఈ ధర్మం చెల్లుతూనే ఉంటుంది.

పాడైపోయిన దీపం గురించి కూడా చెప్పాలి. ఇది ఎవరికీ గుర్తు రాదు. దేవుడి మీద నుంచి తీసిన పూలను మనం నిర్మాల్యం అంటాం. వాడిపోయినంత మాత్రాన వీధిలో పారేయం. ఎవరి కాలూ తగలని చోట వేస్తాం. పూజలో వాడినదాన్ని ఎక్కడ వదలాలన్నది కూడా పూజలో భాగమే. సీఎఫ్ఎల్‌కు ఆ మర్యాద దక్కలేదు. ఒక్కో దాంట్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసమే ఉంటుంది గాని, పాదరసం చిన్న పురుగు నుంచి చేపకు, చేప నుంచి మనిషికి పోగవుతూ పోతుంది. జపాన్‌లో మినమాటా అనే తీరపు ఊళ్లో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జనంలోకి ఎక్కింది. వాళ్ల నరాలు చచ్చాయి, పుట్టే బిడ్డలు కూడా వంకర్లు పోయారు. ఆ జబ్బును 1956లో అధికారికంగా గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో ప్రపంచ దేశాలు మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. 2018లో మన దేశం కూడా దాన్ని ఆమోదించింది. పాదరసం ఉన్న దీపాలు ఆ ఒప్పందం కింద క్రమంగా సెలవు తీసుకుంటున్నాయి.

మన ఈ-వ్యర్థాల నియమాల్లో 2016 నుంచి సీఎఫ్ఎల్‌లు, ట్యూబులైట్లు కూడా ఉన్నాయి. అయినా మా ఊళ్లల్లో కొట్టు వెనక డ్రైనేజీ పక్కన పగిలిన గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చెత్త ఏరుకునే వాళ్ల చేతులకు ఆ గాజు గుచ్చుకుంటుంది. వర్షం వస్తే ఆ నీళ్లు వాగుల్లో పడి గుండ్లకమ్మ నది వైపే పోతాయి. అందుకే నేను షాపు ఫిట్టింగులు మార్చినప్పుడు తీసిన గొట్టాలను కొత్త దీపాలు వచ్చిన అట్టపెట్టెల్లోనే సర్దుతాను. పగలనివ్వను. హోల్‌సేల్ వాళ్ల ద్వారా ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్లకు పంపుతాను. పొరపాటున ఒకటి పగిలితే తలుపులు తెరిచి, గది గాలి మారేదాకా అందరినీ బయట ఉండమంటాను. చీపురుతో ఊడ్వను, అట్టముక్కతో ఎత్తి డబ్బాలో మూత పెడతాను. కుర్రాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. నాకు మాత్రం వెలిగించిన పూజకు ఇది ఉద్వాసన. తన వాకిలి శుభ్రం చేసుకుని పక్కవాడి నీళ్లలో విషం కలిపితే అహింస అన్న మాటకు అర్థం ఉండదు.

సీఎఫ్ఎల్ కాలం అయిపోయింది. 2014-15లో మన రాష్ట్రంలో ఇళ్లకు 10 రూపాయలకే ఎల్ఈడీ బల్బులు ఇచ్చారు. తర్వాత బజారంతా ఎల్ఈడీ అయింది. పాదరసం లేదు. వాట్లు ఇంకా తగ్గాయి. నేను ఇప్పుడు పెడుతున్నవి అవే. దీపం నూనె నుంచి తీగకు, తీగ నుంచి ఆవిరికి, ఆవిరి నుంచి చిన్న గింజకు మారింది. రేపు ఇంకేదో వస్తుంది. పరికరాన్ని పట్టుకుని వేలాడేవాడికి ప్రతిసారీ కొత్త గొప్పే కనిపిస్తుంది. ఇది ఎవరికి చూపడానికి, ఎంత కావాలి, ఎవరు ఆపుతారు, పాడైతే ఎక్కడికి పోతుంది అని అడిగేవాడికి ఏ దీపం చేతిలో ఉన్నా దారి తప్పదు. నేను ఏ షాపులో వైరు లాగే ముందైనా యజమానిని కూర్చోబెట్టి ఈ నాలుగూ అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. చాలామంది ఆలోచిస్తారు.

కార్తీకమాసంలో దీపదానం చేసే వ్యాపారులకు నాది ఒక విన్నపం. గుడిలో వత్తి వెలిగించండి, ఆ పుణ్యం మీది. దానితో పాటు మీ బోర్డుకు ఒక టైమర్ పెట్టించండి, రాత్రి కొట్టు కట్టేశాక అది ఎవరికీ ఏమీ చూపడం లేదు. కాంప్లెక్సు మెట్ల మీద మనిషి వస్తేనే వెలిగే సెన్సరు పెట్టించండి. పాత గొట్టాలు పెట్టెలో పెట్టి నాకు ఇవ్వండి. అలా మిగిలిన దానితో మీ వీధిలో చీకటి ఉన్న చోటు ఒకటి వెతకండి. ట్యూషన్ నుంచి పిల్లలు నడిచొచ్చే సందు కావచ్చు, హమాలీలు మూటలు దించే గోడౌను మూల కావచ్చు, మీ దగ్గర పనిచేసే కుర్రాడి వంటగది కావచ్చు. అక్కడ ఒక దీపం పెట్టించండి. ఎక్కువైన చోట తగ్గించి, లేని చోట వెలిగిస్తేనే దీపదానం పూర్తవుతుందని నేను నమ్ముతాను. ఆ ఒక్క దీపానికి నేను కూలి తీసుకోను. వైరు, హోల్డరు మీవి, పని నాది.